సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నాక బ్లాగులో ఏం రాయాలి?

చీరాల టీచర్ (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ వేదిక చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

పోయిన డిసెంబర్లో నా కథల పుస్తకం సొంతంగా వేసుకున్నాను. పన్నెండు కథలు, అన్నీ మా వైపు నేతవాళ్ళ ఇళ్ళలో జరిగేవే. 500 కాపీలు కొట్టించాను. ఆవిష్కరణ సభకి వచ్చినవాళ్ళకీ, వేదిక మీదివాళ్ళకీ, చుట్టాలకీ కలిపి 120 దాకా ఊరికే పంచేశాను (శాలువాలు మాత్రం నాలుగొచ్చాయి). ఓ 150 షాపులకి ఇచ్చాను. మిగతావి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు ఊడ్చేటప్పుడల్లా చీపురు వాటికి తగలడం, మావారు నా వంక చూడడం, నేను కిటికీ వంక చూడడం మామూలైపోయింది.

జనవరిలో మా అబ్బాయి బ్లాగు తెరిచి ఇచ్చాడు. ఇప్పటికి 31 పోస్టులు పెట్టాను. రోజుకి ఏడెనిమిది మంది వస్తున్నట్టు చూపిస్తోంది. అందులో రెండుసార్లు నేను, ఒకసారి మా అబ్బాయి. వారానికి ఎన్ని రాయాలి? కథలు బ్లాగులో పెట్టేయొచ్చా? అసలేం రాస్తే చదువుతారు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

పాతకాపు (ఆదివారం, రాత్రి 10:47)

టీచర్ గారూ, మీ బ్లాగు ఇప్పుడే మొదటి నుంచి చివరిదాకా చూశాను. కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

31 పోస్టుల్లో 14 ఆవిష్కరణ సభ గురించే. అందరూ వరసగా నిలబడి పుస్తకాన్ని గుండెలకి ఆనించి పట్టుకున్న ఫొటో ఒక్కటే ఐదు చోట్ల ఉంది. ఇంకో 8 సమీక్షల పేపర్ కటింగులు. పండగ శుభాకాంక్షలు 5. 'పుస్తకం కావలసినవారు సంప్రదించగలరు' అని 3, ఎక్కడ సంప్రదించాలో ఒక్కదాంట్లోనూ లేదు. మిగిలింది ఒక్కటి, వేటపాలెం సారస్వత నికేతనం మీద. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన భవనం, అక్కడ మీ నాన్నగారు పాత పత్రికల కట్టలు విప్పి చూపిస్తే మీరు తుమ్ముతూ చదవడం. అది చదువుతూ టీ చల్లార్చుకున్నాను. దాని కింద ఒక్క కామెంటూ లేదు. ఎందుకంటే అక్కడిదాకా వెళ్ళాలంటే ఫొటోలన్నీ దాటుకుని వెళ్ళాలి.

నేను 2007లో మొదలుపెట్టాను. అప్పట్లో తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట పట్టికగా చూపించే సైట్లు కూడలి, జల్లెడ, తర్వాత హారం, మాలిక ఉండేవి. ఎవరు ఏం రాసినా ఆ పట్టికలో పైకి వచ్చేది, జనం పొద్దున్నే పేపర్ చూసినట్టు చూసేవాళ్ళు. 'నా పిల్లి ఇవాళ పాలు తాగలేదు' అని రాసినా పాతిక కామెంట్లు. బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ని 2013 జులై 1న మూసేశారు. ఫీడ్‌బర్నర్ వాళ్ళు మెయిల్లో పోస్టులు పంపడం 2021లో ఆపేశారు. అంటే మన వీధిలోకి ఊరికే నడుచుకుంటూ వచ్చే జనం ఇప్పుడు లేరు. ఏదో ఒక పని మీద, ఏదో తెలుసుకుందామని వస్తారు. మీ సభ ఫొటో కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు సభలో ఉన్నవాళ్ళే.

కరీంనగర్ కలం (ఆదివారం, రాత్రి 11:20)

అన్నా, నువ్వు చెప్పిన కూడలి ముచ్చట మా తాత జాతర ముచ్చట లెక్కనే ఉంది. ఇప్పుడు బ్లాగులు ఎవలు సదువుతున్నరు? నేను ఫేస్‌బుక్కుల రాస్త. పొద్దుగాల పెడితే మాపటీలికి 300 లైకులొస్తయి. మొన్న నా కవిత్వం బుక్కు అచ్చయినప్పుడు గూడ గాడ్నే చెప్పిన, 90 మంది పైసలు పంపిండ్రు. టీచరమ్మ టైం ఊకె పాడుచేయకుండ్రి.

పాతకాపు (సోమవారం, ఉదయం 6:35)

తమ్ముడూ, 90 మంది పైసలు పంపారంటే నీకు దండం, ఆ మాట నేను కాదనను. ఒక్కటి అడుగుతాను. పోయినేడు దసరాకి నువ్వు రాసిన మంచి పోస్టు ఒకటి ఉంది కదా, మీ అమ్మ బీడీల చాటలో ఆకు కత్తిరించే సంగతి. దాన్ని ఇప్పుడు వెతికి నాకు లింకు పంపు చూద్దాం.

నేను 2011లో మా తాతగారి పద్దు పుస్తకంలోని కొలతల మీద ఒక పోస్టు రాశాను. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, ఇలా కుంచం దాకా. సాహిత్యం కాదు, సాదా సీదా లెక్క. ఇప్పటికీ నెలకోసారి ఎవరో ఒకరు 'మా ఊళ్ళో లెక్క అది కాదండీ' అని కింద దెబ్బలాడుతూనే ఉంటారు. ఆ దెబ్బలాటకి వచ్చినవాళ్ళలో కొందరు పక్కనున్న నా నవల బొమ్మ నొక్కారు. ఏడాదికి పది పదిహేను కాపీలు అలా పోతాయి. పెద్ద సంఖ్య కాదు. కానీ పద్నాలుగేళ్ళు దాటింది.

కరీంనగర్ కలం (సోమవారం, ఉదయం 8:02)

దొరుకుతలేదన్నా. గంట సేపు కిందికి జరుపుకుంట పోయిన. యాడనో ఉంటది.

ఊరికే చదివేవాణ్ణి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

నేను రచయితని కాను, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చదవడమే పని. టీచర్ గారూ, మీ పుస్తకం నా దగ్గరుంది. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో కొన్నాను. డబ్బులిచ్చే కొన్నాను.

మూడో కథలో ముసలమ్మ చెయ్యి చచ్చుబడిపోయినా నిద్రలో కూడా ఆసు పోస్తున్నట్టు భుజం ఆడిస్తూ ఉంటుంది కదా. ఆ కథ నన్ను చాలా రోజులు వదల్లేదు. కానీ నాకు ఆసు అంటే ఏమిటో తెలీదు. మాది ఏలూరు దగ్గర వరిపొలాల ఊరు. నిఘంటువులో రెండు ముక్కలుంది, బొమ్మ కట్టలేకపోయాను. నెట్‌లో వెతికాను. ఏవేవో వచ్చాయి, మీ బ్లాగు మాత్రం రాలేదు. మీకు బ్లాగు ఉందని ఇవాళే తెలిసింది.

చీరాల టీచర్ (సోమవారం, రాత్రి 8:50)

నాకు నోట మాట రావడం లేదు. నా పుస్తకం కొని చదివిన మనిషితో మాట్లాడడం ఇదే మొదటిసారి. చుట్టాలు 'చదువుతున్నాం' అంటున్నారు ఏడు నెలలుగా.

ఆసు అంటే చెప్తాను. విల్లులాగా అర్ధచంద్రాకారంలో ఒక చట్రం ఉంటుందండి. ఆ వంపు పొడుగునా మేకుల్లాంటి పుల్లలు వరసగా ఉంటాయి. ఎదురుగా మధ్యలో ఒక పుల్ల. నూలు పోగుని మధ్య పుల్ల నుంచి వంపు మీది పుల్లకి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ పక్క పుల్లకి, అలా చేత్తో తిప్పుతూ పోవాలి. అలా పరుచుకున్న పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట గట్టిగా కట్లు కట్టి, అద్దకం వేసి, ఆరాక కట్లు విప్పితే నూలులోనే డిజైన్ ఉంటుంది. నేసేటప్పుడు ఆ గుర్తులు ఒకదానికొకటి కలిసేట్టు నెయ్యాలి. మా చీరాలలో రుమాళ్ళు ఇలాగే నేసేవాళ్ళు. బయటివాళ్ళు తేలియా రుమాలు అంటారు, ఇక్కడ ఆసు రుమాలు అనేవాళ్ళు. నూలుని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసికేవాళ్ళు, అందుకే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు. సముద్రం దాటి అరబ్బు దేశాలకి తలపాగాలుగా వెళ్ళేవి. మా నాయనమ్మ ఇంట్లో ఆఖరి రుమాలు ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా కొత్తలో ఉన్న నూనె వాసన దాన్ని వదల్లేదు. చిన్నప్పుడు అది మొహానికి చుట్టుకుని పడుకునేదాన్ని.

ఆసు పోయడం ఆడవాళ్ళ పని. మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరు బయటికి వస్తుంది. ఇంట్లో మూల కూర్చుని చెయ్యి తిప్పిన మనిషి లెక్కలోకి రాదు. పోచంపల్లి వైపు ఒక చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలని చెప్తారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా నాయనమ్మకి ఆ యంత్రం అందలేదు. మూడో కథ ఆవిడదే.

క్షమించాలి, ఎక్కువ రాసేశాను. ఇది బ్లాగు గురించిన చర్చ.

కరీంనగర్ కలం (సోమవారం, రాత్రి 9:04)

టీచరమ్మా, నేను నిన్న రాత్రి అన్న మాట ఎన్కకు తీసుకుంటున్న. గిదే గదా రాసేది! ఇప్పుడు మీరు రాసింది కాపీ కొట్టి మీ బ్లాగుల పెట్టుండ్రి, ఒక్క అక్షరం మార్చకుండ్రి. ఆఖర్ల 'క్షమించాలి' అన్నది మాత్రం తీసేయుండ్రి.

మా సిరిసిల్ల దిక్కు అన్నీ పవర్లూములే. గా చప్పుడుల పుట్టినోన్ని, నాకు గూడ ఆసు ఎరుకలేకుండె.

పాతకాపు (సోమవారం, రాత్రి 9:31)

నేను చెప్పాల్సింది మా తమ్ముడు చెప్పేశాడు. మీరు పుస్తకం గురించి రాస్తున్నారు, పుస్తకంలో ఉన్నదాని గురించి రాయడం లేదు. తేడా అంతే. కథలో ఆసు అన్న మాటని విడమరిస్తే కథ చెడుతుంది, అక్కడ వివరించకపోవడమే సరైన పని. ఆ వివరించనిదంతా ఎక్కడ పెట్టాలి మరి? పన్నెండు కథలు రాయడానికి మీకు తెలిసినవి, మీరు అడిగి తెలుసుకున్నవి, రాసి కొట్టేసినవి ఎన్నుంటాయి! పడుగు, పేక (నిలువు పోగులు, అడ్డం పోగులు), నేలలో గుంట తీసి దించే గుంట మగ్గం, పని ఇచ్చే మాస్టర్ వీవర్ దగ్గర అప్పు లెక్క, వానాకాలం గుంటలోకి నీళ్ళొస్తే ఏం చేస్తారు... ఇవి తెలిసినవాళ్ళకి రాయడం రాదు, రాయడం వచ్చినవాళ్ళకి ఇవి తెలీవు. మీకు రెండూ ఉన్నాయి.

వారానికి ఎన్ని అని అడిగారు. నెలకి రెండు చాలు. ఒకటైనా పరవాలేదు.

ప్లానో కోడలు (మంగళవారం, ఉదయం 7:18)

అక్కా, మీ ఆసు పోస్టు చదివి మా అత్తగారికి వినిపించాను. ఆవిడది ఆసు పోసే నేతవాళ్ళ ఊరు పుట్టపాక దగ్గర. ఏడ్చేశారు.

నేను ఇక్కడ డాలస్ పక్కన ఉంటాను, ఇంగ్లీషులో రెండు నవలలు అమెజాన్ వాళ్ళ కిండిల్లో ఈబుక్కులుగా వేసుకున్నాను. నా తప్పులు చెప్తాను, పనికొస్తాయేమో. ఇక్కడ సొంతంగా ప్రచురించుకునేవాళ్ళ గుంపుల్లో అందరూ ఒకటే మంత్రం చెప్తారు: రోజూ రాయి, వారానికి మూడు పోస్టులు, 'రచయితలకి పది చిట్కాలు' లాంటివి పెట్టు. ఏడాది పాటు అదే చేశాను. చదివినవాళ్ళంతా నాలాంటి రచయితలే. వాళ్ళు చిట్కాలు చదువుతారు, నవల కొనరు. వాళ్ళకీ అమ్ముకోవాల్సిన నవల ఉంది కదా! మూడో నవల రాయాల్సిన ఏడాదంతా ఆ చిట్కాలకే పోయింది.

ఇంకోటి, ఇంగ్లీషు పుస్తకం ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాల్సింది. ఇండియాలో అమ్మిన ఈబుక్‌కి 70 శాతం రాయల్టీ కావాలంటే అమెజాన్ వాళ్ళ ప్రత్యేక పథకం కేడీపీ సెలెక్ట్‌లో చేరాలి, లేకపోతే 35 శాతమే. చేరితే 90 రోజులపాటు ఆ ఈబుక్ ఇంకెక్కడా ఉండకూడదు, సొంత బ్లాగులో కూడా. నమూనాగా పదో వంతు వరకు పెట్టుకోవచ్చు. నాకు తెలీక ఏడు అధ్యాయాలు బ్లాగులో పెట్టి ఉంచాను, వాళ్ళ దగ్గర్నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చింది. తెలుగు పుస్తకాలకి ఈ బాధ తక్కువ. 2016లో కిండిల్లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చినప్పుడు మన తెలుగుని పక్కన పెట్టేశారు. అది వేరే ఏడుపు.

నేను సరిగ్గా చేసిన పని ఒక్కటే. పోస్టు కింద 'కొత్తది రాసినప్పుడు మీకు మెయిల్ పంపమంటారా' అని ఒక పెట్టె పెట్టాను. మూడేళ్ళలో 212 మంది పేర్లిచ్చారు. ఫేస్‌బుక్ రేపు లేకపోయినా ఆ 212 మంది నా దగ్గరుంటారు.

డీటీపీ బాబాయ్ (మంగళవారం, ఉదయం 10:40)

అమ్మా టీచరమ్మా, బెజవాడలో ముప్పై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. రచన సంగతి మీరు మీరు చూసుకోండి, నేను యంత్రం సంగతి చెప్తాను.

మీ బ్లాగులో అక్షరాలు లేవు. నిజంగానే లేవు! సమీక్షలన్నీ స్కాన్ బొమ్మలు. పండగ శుభాకాంక్షలు గులాబీ పువ్వుల మీద ముద్రించిన బొమ్మలు. ఆఖరికి ఆ గ్రంథాలయం పోస్టు కూడా పేజీని ఫొటో తీసి పెట్టారు. గూగుల్‌కి బొమ్మలో అక్షరం ఉందని లెక్క కాదు. వెతికితే ఎలా దొరుకుతుంది? ఈ ఏలూరు పెద్దాయన ఆసు అని వెతికితే మీ బ్లాగు రాలేదంటే కారణం ఇదే, మీ రాత కాదు.

ఎందుకు బొమ్మ పెట్టారో నాకు తెలుసు. మీ పుస్తకం పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో చేసి ఉంటారు. దాన్ని కాపీ చేసి బ్లాగులో అతికిస్తే ఇంగ్లీషు గుర్తులూ, కామాలూ కలిసిన పిచ్చిగీతలు వస్తాయి. అది యూనికోడ్ కాదు కాబట్టి, అంటే అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ మార్చాక కూర్చుని ప్రూఫు చూడాల్సిందే, వత్తులు చెదురుతాయి. రెండో ముద్రణ వేస్తే యూనికోడ్‌లోనే చేయించండి. సిలికానాంధ్ర సంస్థవాళ్ళు ఊరికే ఇచ్చిన మండలి, రామరాజ, గిడుగు, గురజాడ, సురన్న లాంటి ఫాంట్లు ఉన్నాయి, ఇన్‌డిజైన్‌లో బాగానే కూర్చుంటాయి. అప్పుడు అచ్చుకీ బ్లాగుకీ ఒకటే ఫైలు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే చిరునామాలో తెలుగు అక్షరాలన్నీ పారేసి 'బ్లాగ్-పోస్ట్_17' అని ఏదో అంకె తగిలిస్తుంది. దేని చిరునామా ఏదో దేవుడికే తెలియాలి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు నిలబడుతుంది గానీ వాట్సాప్‌లో అతికించారంటే శాతం గుర్తులతో బారెడు చాంతాడు అవుతుంది. అందుకని ప్రచురించే ముందే పర్మాలింక్ (పోస్టు చిరునామా) దగ్గర 'ఆసు రుమాలు చీరాల' అని ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాయండి. సగం మంది వెతికేదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ప్రచురించాక మారిస్తే పాత లింకులు చస్తాయి, ముందే చూసుకోవాలి.

చీరాల టీచర్ (మంగళవారం, రాత్రి 9:20)

బాబాయ్ గారూ, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. పుస్తకం ఫైలు తెరిచి చూస్తే పిచ్చిగీతలే. మా అబ్బాయి ఫోన్లో మాట్లాడితే టైపయ్యే పద్ధతి పెట్టిచ్చాడు. కానీ నేను 'పేక' అంటే అది ప్రతిసారీ 'పేకాట' అంటోంది. మగ్గం ఇంట్లో పేకాట!

కథల సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్టొచ్చా?

హామీపత్రం (మంగళవారం, రాత్రి 10:05)

ఈ పేరు పెట్టుకున్నదే అందుకు, నేను చెప్తాను. అచ్చు కాని కథని బ్లాగులో పెట్టకండి. పత్రికకి గానీ పోటీకి గానీ పంపేటప్పుడు 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం కాదు, అనుసరణ కాదు, ఏ పత్రికలోనూ బ్లాగులోనూ వెబ్‌సైటులోనూ రాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు' అని హామీపత్రం రాసిస్తాం. బ్లాగులో నలుగురు చూసినా ప్రచురితమైనట్టే. నేను ఒక పోటీలో బహుమతి వచ్చాక అలాగే పోగొట్టుకున్నాను. ఎవరో నా బ్లాగు లింకు వాళ్ళకి పంపించారు. నా తప్పే, ఎవర్నీ అనను.

పుస్తకంలో వచ్చేసిన కథలయితే రెండో మూడో పెట్టండి. అన్నీ వద్దు. మంచివే పెట్టండి, మిగిలిపోయినవి కాదు.

పాతకాపు (మంగళవారం, రాత్రి 10:30)

మొదటి సగానికి ఒప్పుకుంటాను. రెండో సగం దగ్గర నా మాట వేరు. నేను నవల మొత్తం బ్లాగులో పెట్టాను, అచ్చు కాపీల అమ్మకం తగ్గలేదు. తెలుగులో మన పుస్తకం దొంగిలిస్తారని భయపడే స్థాయిలో లేం, మన పుస్తకం ఉందని తెలిస్తే చాలు.

హామీపత్రం (మంగళవారం, రాత్రి 10:52)

దొంగిలించరని ఎవరన్నారు? నా కథ ఒక యూట్యూబ్ ఛానల్లో వెనక వీణ వాయిస్తూ చదివేశారు. పేరు లేదు, పైగా ముగింపు మార్చి ఆ అమ్మాయికి పెళ్ళి చేశారు.

పాతకాపు (మంగళవారం, రాత్రి 10:58)

పెళ్ళి కూడా చేశారా! సరే, దానికి మందు ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పుడే హక్కు మీది, రిజిస్టర్ చేయించుకోకపోయినా. యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, మీ బ్లాగు పోస్టు తేదీతో సహా చూపిస్తే తీసేస్తారు. చూశారా, బ్లాగులో ఉండబట్టే తేదీ సాక్ష్యం దొరికింది.

హామీపత్రం (మంగళవారం, రాత్రి 11:03)

బ్లాగులో ఉండబట్టే పోయింది కూడా.

కొత్త నాగలి (బుధవారం, ఉదయం 9:15)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబరు (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఇప్పిస్తానని ఒకాయన 3,000 అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

డీటీపీ బాబాయ్ (బుధవారం, ఉదయం 9:22)

పైసా ఇవ్వకు నాయనా. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, ఉచితం. ఆన్‌లైన్లో రచయిత పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాస్త ఓపిక పట్టాలి, అంతే.

నిర్వాహకుడు (బుధవారం, ఉదయం 9:40)

ఐఎస్‌బీఎన్ మీద వేరే చర్చ ఉంది, అక్కడికి రండి. ఇక్కడ బ్లాగు సంగతి సాగనివ్వండి.

ఊరికే చదివేవాణ్ణి (బుధవారం, మధ్యాహ్నం 2:10)

చదివేవాడి వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

రచయితల బ్లాగుల్లో 'మిత్రులారా, చాలా రోజుల తర్వాత మళ్ళీ మీ ముందుకు వస్తున్నాను, పని ఒత్తిడి వల్ల రాయలేకపోయాను' అని మొదలవుతుంది. నేను మీకోసం ఎదురుచూడలేదండీ, అప్పుడే వచ్చాను. ఆ పేరా నాకెందుకు? టీచర్ గారి ఆసు ముక్క ఎలా మొదలైంది? 'విల్లులాగా చట్రం ఉంటుందండి' అని. నేరుగా వస్తువు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరో అడిగితే చెప్పినట్టు ఉంది, సభలో చదివినట్టు లేదు.

రెండోది భాష. దయచేసి బ్లాగు కోసమని భాష మార్చకండి. మీ గ్రంథాలయం పోస్టు మొదటి నాలుగు వాక్యాలు 'విజ్ఞాన భాండాగారమైన' వగైరా. ఐదో వాక్యంలో తుమ్ము వచ్చాక గానీ మీరు కనపడలేదు. గిడుగు రామమూర్తి గారు 1919లో సొంతంగా 'తెలుగు' అని ఒక పత్రిక పెట్టి పోట్లాడింది దీనికోసమే. ఆయనకి బ్లాగు ఉండుంటే ఇంకెంత పోట్లాడేవారో!

అసలు కోపం ఇంకోటుంది. మీ పుస్తకం ఇంకో కాపీ కొని మా చెల్లెలికి పంపుదామనుకున్నాను. మీ బ్లాగంతా తిరిగినా వెల లేదు, ఫోన్ నంబరు లేదు. కొనడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపారు.

చీరాల టీచర్ (బుధవారం, రాత్రి 8:44)

ఏమిటో, అమ్ముకోవడం అంటే సిగ్గు. 'కావలసినవారు సంప్రదించగలరు' అంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను. వెల రాస్తే కూరగాయల బండిలా ఉంటుందేమోనని.

కరీంనగర్ కలం (బుధవారం, రాత్రి 9:00)

కూరగాయల బండి ఆయన సాయంత్రానికల్లా బండి ఖాళీ జేసుకొని పోతడు టీచరమ్మా. మన డబ్బలు మంచాల కిందనే ఉన్నయి.

ప్లానో కోడలు (బుధవారం, రాత్రి 9:48)

హహహ. అక్కా, పైన 'నా పుస్తకం' అని ఒక పేజీ పెట్టండి. అట్ట బొమ్మ, వెల, యూపీఐ కోడ్, చిరునామా ఎక్కడికి పంపాలో చెప్పండి, చాలు. కానీ ప్రతి పోస్టులో 'కొనండి' అనకండి. ఆసు పోస్టు చివర ఒక్క వాక్యం: 'మా నాయనమ్మ కథ ఫలానా పుస్తకంలో ఉంది' అని. దాని మీద నొక్కితే ఆ పేజీ రావాలి.

డీటీపీ బాబాయ్ (బుధవారం, రాత్రి 10:11)

పోస్టు ఖర్చు: 2025 మే నుంచి పుస్తకాలకని తపాలావాళ్ళ జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది. మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మీ పుస్తకం 144 పేజీలే కదా, అందులో సరిపోతుంది. ఏ పుస్తకాలు దాని కిందికి వస్తాయో ఒకసారి మీ పోస్టాఫీసులో అడిగి చూపించి పంపండి, కౌంటర్లో కొంతమందికి ఇంకా అలవాటు కాలేదు. షాపుకి ఇచ్చే కమీషన్ లెక్కేస్తే నేరుగా పంపడమే మీకు మేలు.

గణాంకం (గురువారం, ఉదయం 11:30)

ఇంత చెప్తున్నారు, ఇవన్నీ చేస్తే ఎన్ని కాపీలు పోతాయి? ఎవరైనా లెక్క చెప్పగలరా? గూగుల్ యాడ్స్ పెట్టుకుంటే నాలుగు డబ్బులైనా వస్తాయి కదా? 2018లోనే తెలుగుకి యాడ్‌సెన్స్ ఇచ్చారు.

పాతకాపు (గురువారం, మధ్యాహ్నం 12:20)

యాడ్స్ నేను పెట్టి చూశాను. రెండేళ్ళకి ఒక భోజనం డబ్బులు కూడినట్టున్నాయి, అవి కూడా వాళ్ళు చెల్లించే కనీస మొత్తానికి చేరలేదు. పైగా మా అమ్మ గురించి రాసిన పోస్టు మధ్యలో మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. తీసేశాను.

కాపీల లెక్క ఎవరూ ముందుగా చెప్పలేరు. చెప్పేవాడెవడైనా మీకు కోర్సు అమ్ముతున్నాడని అర్థం.

చీరాల టీచర్ (ఏడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:05)

అందరికీ నమస్కారం. జరిగింది చెప్దామని వచ్చాను.

పాత పోస్టుల్లో 26 తీసేశాను. సభ ఫొటో ఒక్కటి ఉంచుకున్నాను, మావారు అందులో బాగున్నారు. గ్రంథాలయం పోస్టుని మళ్ళీ టైపు చేశాను, మొదటి నాలుగు వాక్యాలు కొట్టేసి తుమ్ముతో మొదలుపెట్టాను. కొత్తవి మూడు రాశాను. మొదటిది ఆసు. రెండోది గుంట మగ్గంలోకి వాననీళ్ళు వచ్చినప్పటి సంగతి. మూడోది నా రచనా ప్రస్థానం.

మూడోదాన్ని ఎవరూ చదవలేదు. రాసేటప్పుడే అనుమానం వచ్చింది గానీ ఆపుకోలేకపోయాను.

గుంట మగ్గం పోస్టుకి మా ఊరివాళ్ళే ఎక్కువ వచ్చారు. ఒకాయన తన ఇంట్లో గుంట పూడ్చేసి పైన ఫ్రిజ్ పెట్టుకున్నానని రాశాడు. ఆ ఒక్క ముక్క నుంచి నాకు కొత్త కథ మొదలైంది, ఇప్పుడే దాని సంగతి చెప్పను.

ఆసు పోస్టు మెల్లగా నడుస్తోంది, రోజుకి ఇరవై ముప్పై మంది. ప్లానో కోడలు వాళ్ళ అత్తగారు ఫోన్లో మాట్లాడి గంట సేపు నాకు పాఠం చెప్పారు. ఇప్పటికి పుస్తకాలు 23 పోయాయి, అన్నీ డబ్బులిచ్చి కొన్నవే. అందులో రెండు ఏలూరుకి. మెయిల్ పెట్టెలో 16 మంది పేర్లిచ్చారు.

ఇప్పుడొక చిక్కు. చట్రం మీద పుల్లలు ఎటువైపు నుంచి మొదలుపెట్టాలో నేను రాసింది తప్పని పుట్టపాక నుంచి ఒక పెద్దావిడ మనవడి చేత కామెంట్ రాయించారు. చీరాల పద్ధతి వేరా, నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానా తెలీదు. మా నాయనమ్మ లేదు అడగడానికి. ఆ వాక్యం దిద్దేయనా, అలాగే ఉంచనా?

పాతకాపు (శనివారం, సాయంత్రం 6:40)

దిద్దకండి, చెరపకండి. పోస్టు చివర తేదీ వేసి, ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసి, 'మా ఇంట్లో నేను చూసింది ఇది' అని మీది కూడా ఉంచండి. చీరాల వైపు ఆసు పోసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమో అదే పోస్టులో అడగండి.

కరీంనగర్ కలం (శనివారం, రాత్రి 7:15)

టీచరమ్మా, నేను గూడ బ్లాగు తెరిసిన. అమ్మ బీడీల ముచ్చట మల్ల మొదటికెల్లి రాసిన, పాతది ఇంకా దొరకలే. బాబాయ్, పర్మాలింకు ముందే మార్చిన, తిట్టకు.

డీటీపీ బాబాయ్ (శనివారం, రాత్రి 7:32)

చూశాను. చిరునామా బాగుంది. 'బీడీ' అని ఒకచోట, 'బిడీ' అని మూడు చోట్ల పడింది, సరిచెయ్యి నాయనా.